టీకా కేంద్రాలు రాత్రింబవళ్లు తెరిచి ఉంచాలా? గాజువాక నుంచి ఒక ప్రశ్న

ప్రశ్న: గాజువాక సి షిఫ్ట్

అందరికీ నమస్కారం. నేను పరవాడ ఫార్మాసిటీలోని ఒక పరిశ్రమలో కాంట్రాక్టు ఉద్యోగిని. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నడిచే సి షిఫ్ట్ మూడు వారాలకు ఒకసారి పడుతుంది. ఆ వారంలో కంపెనీ బస్సు గాజువాకలో దింపి, నేను ఇల్లు చేరి, రెండు ఇడ్లీలు తిని పడుకునేసరికి ఎనిమిది దాటుతుంది. మా పాపకు మూడున్నర నెలలు నిండాయి. పద్నాలుగు వారాల టీకాలు వేయించవలసిన బుధవారం నాడు నా భార్య జ్వరంతో లేవలేని స్థితిలో ఉన్నందున, పాపను ఎత్తుకుని నేనే మా దగ్గరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. పదకొండింటికి లేవాలని అలారం పెట్టుకున్నా మెలకువ రాలేదు. నేను వెళ్లేసరికి ఒంటిగంటన్నర అయింది. అక్కడి ఉద్యోగిని అప్పటికే టీకాల పెట్టెకు మూత బిగించి, రిజిస్టరును సంచిలో సర్దుకుంటున్నారు. "ఏటి బాబూ, పిల్లల సూదులు పొద్దుటే గదా, ఇప్పుడొస్తే ఎలాగ? శనివారం తీసుకురా" అన్నారు. ఆ మాటలో కోపమేమీ లేదు. అయితే ఆ శనివారం నాకు డబుల్ డ్యూటీ పడింది, తరువాతి బుధవారం పాపకు జలుబు చేసిందని మేమే వెనుకాడాము. అలా రెండు వారాలు గడిచిపోయాయి.

ఇంతలో మరొకటి జరిగింది. మా పక్కింటి ఎనిమిదేళ్ల పిల్లవాడు రాత్రి తొమ్మిదిన్నరకు పాల ప్యాకెట్ తెస్తుంటే వీధికుక్క పిక్క మీద కరిచింది. దగ్గరి కేంద్రానికి తాళం వేసి ఉంది. ఆటో మాట్లాడుకుని నగరంలోని పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి వెళ్లి, చీటీ రాయించుకుని, సూది వేయించేసరికి పదకొండు దాటింది. ఆ పిల్లవాడి తండ్రి మర్నాడు నాతో ఒక మాట అన్నాడు. పెట్రోలు బంకు రాత్రంతా ఉంటుంది, డబ్బులిచ్చే మిషను రాత్రంతా ఉంటుంది, సగం ఊరు రాత్రంతా పనిచేసే ఈ పట్నంలో టీకా మాత్రం పగటి పూటే దొరకాలని ఎవరు రాసిపెట్టారు అని.

నాకు గుర్తున్నంతవరకు 2021 మార్చి 3న కేంద్ర ఆరోగ్య మంత్రి హర్షవర్ధన్ గారు కోవిడ్ టీకాకు వేళల పరిమితి ఎత్తివేస్తున్నామని, ప్రజలు తమకు వీలైన సమయంలో 24 గంటల్లో ఎప్పుడైనా వేయించుకోవచ్చని ప్రకటించారు. అప్పుడు వీలైనది ఇప్పుడు ఎందుకు కాదు? ఉక్కు కర్మాగారం, రిఫైనరీ, ఓడరేవు, ఫార్మాసిటీ అన్నీ మూడు షిఫ్టుల్లో నడిచే విశాఖలో, కనీసం జోనుకు ఒకటి చొప్పున రాత్రింబవళ్లు తెరిచి ఉండే టీకా కేంద్రం ఉండాలని అడగడం అత్యాశ అవుతుందా? ఈ పని లోపలి సంగతులు తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు 1: విశ్రాంత ఏఎన్‌ఎం, మధురవాడ

బాబూ, ముందు మీ పాప సంగతి చెప్పి, తరువాత మీ ప్రశ్నకు వస్తాను.

ఆలస్యమైందని మొదటి నుంచి మళ్లీ వేయించనవసరం లేదు. కోరింత దగ్గుతో సహా అయిదు జబ్బులను అడ్డుకునే పెంటావాలెంట్ రెండో డోసు తీసుకుని నాలుగు వారాలు దాటితే చాలు, మూడోది ఎప్పుడైనా వేయవచ్చు. ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు. అలాగని ఇంకా ఆలస్యం చేయవద్దు. కోరింత దగ్గు నెలల పిల్లలనే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది కాబట్టి ఆ రక్షణ త్వరగా అందడమే మంచిది. ఇక జలుబు చేసిందని ఆగిపోయామన్నారు, అది మీరు చేసిన పొరపాటు. మామూలు జలుబు, కొద్దిపాటి దగ్గు ఉన్నా టీకా వేయవచ్చు. నా ఉద్యోగమంతా ప్రతి వీధిలోనూ ఈ మాట చెబుతూనే గడిచింది, అయినా అమ్మమ్మలు వింటేనా!

మీరు ఒంటిగంటన్నరకు వెళ్లినప్పుడు మూత బిగించిన ఆ పెట్టెలో ఏముంటుందో చెబుతాను. దానిలో నాలుగు గోడల వెంట నాలుగు ఐస్‌ప్యాకులు ఉంటాయి. వాటిని డీప్ ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా పెట్టకూడదు. బల్ల మీద పరిచి కాసేపు ఉంచి, ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే పెట్టెలో అమర్చాలి. తొందరపడి గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే పెడితే పెంటావాలెంట్, ధనుర్వాతం, డిఫ్తీరియాలకు వేసే టీడీ వంటి మందులు గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. వేడికి పాడయ్యే పోలియో చుక్కల కథ వేరు. సీసా మీద చిన్న వలయం, దాని లోపల తెల్లటి చదరం ఉంటాయి. ఆ చదరం రంగు చుట్టూ ఉన్న వలయంతో సమానమైతే ఆ సీసాను పారేయవలసిందే. ఇవన్నీ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచడానికి చేసే తిప్పలు. కాబట్టి టీకా కేంద్రం తెరిచి ఉండడమంటే తలుపు తీసి దీపం వెలిగించి కూర్చోవడం మాత్రమే కాదు.

మీ ప్రశ్నకు అసలైన చిక్కు సీసాలో ఉంది. క్షయకు వేసే బీసీజీ సీసాలో పది డోసులు ఉంటాయి. పొడిలో ద్రావణం కలిపిన సమయాన్ని సీసా మీద రాసి, అప్పటి నుంచి నాలుగు గంటలు దాటితే మిగిలినదంతా పారబోయాలి. తట్టు, రుబెల్లా టీకాకూ ఇదే లెక్క. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలన్నది నిబంధన. అయినా "ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చేవరకు కూర్చోండమ్మా" అనడం మా అందరికీ అలవాటు, దాన్ని ఇక్కడ దాచిపెట్టను. మన రాష్ట్రంలో బుధ, శనివారాలని రోజులు పెట్టడం వల్ల పిల్లలు ఒకే పూట గుంపుగా వస్తారు, సీసా వృథా కాదు. అర్ధరాత్రి పన్నెండు గంటలకు ఒక్క బిడ్డ వస్తే ఒక సీసా, నాలుగున్నరకు మరొక బిడ్డ వస్తే ఇంకొక సీసా వాడవలసి వస్తుంది, తెల్లవారేసరికి రెండు సీసాల్లో పద్దెనిమిది డోసులు నేలపాలవుతాయి.

అయితే మీ పాపకు వేయవలసినవి ఆ రకం కావు. పెంటావాలెంట్, నోటి పోలియో చుక్కలు, పోలియో సూది, న్యుమోనియా నుంచి కాపాడే పీసీవీ, ఇవన్నీ తెరిచిన సీసాను సరిగ్గా భద్రపరిస్తే, గడువు తేదీ దాటకుండా ఉంటే, 28 రోజుల వరకు వాడుకోదగినవే. మూత బిగించినంత మాత్రాన మందు అయిపోదు, తిరిగి ఐస్ పెట్టెకే వెళుతుంది. అటువంటప్పుడు మిమ్మల్ని అయిదు నిమిషాలు కూర్చోబెట్టి వేసి పంపవలసింది. ఆ రోజు అక్కడున్న ఆమె ఉదయం నుంచి ఎన్ని వీధులు తిరిగి వచ్చిందో నాకు తెలియదు, ఆమెను తప్పుపట్టను. కానీ శనివారం రమ్మని చెప్పడం తేలిక, శనివారం వస్తారని నమ్మడం కష్టం. వెనక్కి పంపిన బిడ్డ మళ్లీ వచ్చేదాకా మా రిజిస్టరులో ఒక గడి ఖాళీగానే ఉండిపోతుంది.

రాత్రి కేంద్రం గురించి ఇంకొక్క మాట. సూది వేశాక అరగంట కూర్చోబెట్టి గమనించాలి. ఏదైనా తేడా వస్తే వాడడానికి అడ్రినలిన్ ఉన్న పెట్టె సిద్ధంగా ఉండాలి, దాన్ని వాడడం తెలిసిన మనిషి ఉండాలి. ఒక్క ఏఎన్‌ఎంను, అందులోనూ ఆడపిల్లను, మర్రిపాలెంలోనో పెందుర్తిలోనో రాత్రి రెండింటికి ఒంటరిగా కూర్చోబెట్టలేరు. ఇద్దరు ఉండాలి, కాపలా ఉండాలి. ఆ ఇద్దరినీ పగటి పనిలోంచే తీస్తారు, కొత్తవారిని ఇవ్వరు. రాత్రికి ఇద్దరు పోతే పగలు రెండు వీధులు ఖాళీ. నా అభ్యంతరమంతా ఇక్కడే.

జవాబు 2: ఉక్కునగరం విశ్రాంత ఫోర్‌మన్

ఏఎన్‌ఎం అమ్మగారు చెప్పిన దానికి నేను 2021 అనుభవాన్ని జోడిస్తాను, ఎందుకంటే ప్రశ్నలో ఆ ప్రకటన ప్రస్తావన వచ్చింది.

ఆ ప్రకటన నిజమే. అయితే సరిగ్గా చదివితే అది వేళల పరిమితిని ఎత్తివేసిందే తప్ప, ప్రతి కేంద్రమూ రాత్రంతా నడవాలని ఆదేశించలేదు. ఆసుపత్రులు తమకు వీలైతే నడుపుకోవచ్చునన్నదే దాని సారాంశం. మార్చి 1న అరవై దాటినవారికి, జబ్బులున్న నలభై అయిదు దాటినవారికి, ఏప్రిల్ 1న నలభై అయిదు దాటినవారందరికీ టీకా మొదలైంది. నేను ఏప్రిల్‌లో వేయించుకున్నాను. రాత్రి మాట దేవుడెరుగు, టోకెన్ కోసం తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లి, చెప్పుల జతను వరసలో పెట్టి, పక్కనున్న అరుగు మీద కూర్చున్నాను. నా ముందు అప్పటికే నలభై ఏడు జతల చెప్పులు ఉన్నాయి. ఎనిమిదింటికి ఒకాయన బయటికి వచ్చి ఈ రోజు కోటా వంద మాత్రమేనని చెప్పి, చీటీలు పంచి లోపలికి వెళ్లిపోయారు. ఆ కేంద్రాన్ని ఆ రాత్రంతా తెరిచి ఉంచినా నూటొకటో మనిషికి ఒరిగేదేమీ లేదు.

మే 1 నుంచి పద్దెనిమిది నిండినవారందరూ అర్హులని చెప్పారు. మే 5 నుంచి మన రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మర్నాడు ఉదయం ఆరు వరకు కర్ఫ్యూ పెట్టారు. ఒకవైపు ఎప్పుడైనా వేయించుకోవచ్చునన్న ప్రకటన, మరొకవైపు రోజుకు ఆరు గంటలే వీధిలోకి రాదగిన పరిస్థితి! మే 13న కోవిషీల్డ్ రెండో డోసుకు వ్యవధిని 12 నుంచి 16 వారాలకు పెంచారు. దానికి శాస్త్రీయ కారణాలు చెప్పారు, కానీ వరసలో నిలబడి ఉన్నవాడికి సరుకు లేదన్న సంగతి మాత్రమే అర్థమైంది.

ఈ కథ మన ఊరికే పరిమితం కాదు. ఆ ఏడాది జనవరిలోనే న్యూయార్క్ నగరం బ్రూక్లిన్, బ్రాంక్స్ ప్రాంతాల్లో రాత్రింబవళ్లు నడిచే కేంద్రాలను తెరిచింది. ఆ నెల పూర్తయ్యేలోగానే సరుకు చాలక వేలాది మందికి ఇచ్చిన సమయాలను వాయిదా వేసుకోవలసి వచ్చింది. దానికి భిన్నంగా, జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క రోజులో 13 లక్షలకు పైగా డోసులు వేశారు. రాత్రంతా తలుపులు తెరవడం వల్ల అది సాధ్యం కాలేదు. సరుకును ముందే కూడబెట్టి, సచివాలయ సిబ్బందిని, ఆశాలను ఒకే రోజున రంగంలోకి దించడం వల్ల సాధ్యమైంది. మా పనిలో కొలిమి ఆరిపోకూడదు కనుక మూడు షిఫ్టులు నడిపేవాళ్లం. ముడిసరుకు రాని రోజున మూడు షిఫ్టులు పెట్టినా ఉక్కు రాదు.

అంతమాత్రాన షిఫ్ట్ కార్మికుడి ఇబ్బంది అబద్ధమని నేను అనడం లేదు. ముప్పై ఒక్క ఏళ్లు సి షిఫ్ట్ చేసినవాణ్ని. పగటి నిద్ర ఎంత పలుచనో నాకు తెలుసు.

జవాబు 3: ద్వారకానగర్ మందుల షాపు

నాది చిన్న సంగతి. మా షాపు రాత్రి పన్నెండు వరకు తెరిచి ఉంటుంది. వారానికి ఒకరిద్దరైనా కాలికి మేకు గుచ్చుకుందనో, రేకు కోసుకుందనో వచ్చి టీటీ సూది అడుగుతారు. ఫ్రిజ్‌లో మందు ఉంటుంది, సిరంజి ఉంటుంది. డబ్బులు తీసుకుని కాగితం సంచిలో వేసి ఇస్తాను. దాన్ని పట్టుకుని ఆ మనిషి "మరి ఇది వేసేదెవరండీ?" అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు ఉండదు. వేయడానికి నాకు అధికారం లేదు, చుట్టుపక్కల క్లినిక్కులు తొమ్మిదిన్నరకే షట్టర్ దించేస్తాయి. తెల్లవారేదాకా ఆ మందు ఏ ఇంట్లో, ఏ వేడిలో పడి ఉంటుందో కూడా నాకు తెలియదు. రాత్రి పూట కొరత మందుకు కాదు, సూది వేసే చేతికి.

జవాబు 4: క్యాజువాల్టీ డాక్టరు

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకటిగా కలిసిపోయాయని నాకు అనిపిస్తోంది. పాప టీకా ఒక రకం, పక్కింటి పిల్లవాడి టీకా మరొక రకం. మొదటిది క్యాలెండరు ప్రకారం నడిచేది, దానిలో కొన్ని రోజుల తేడాను సర్దుకోవచ్చు. రెండోది గడియారం ప్రకారం నడిచేది. రాత్రింబవళ్లు అన్న మాట రెండో రకానికి తప్పనిసరిగా వర్తించాలని, మొదటి రకానికి అక్కరలేదని నా అభిప్రాయం.

గడియారం ప్రకారం నడిచే టీకా ఒకటి మన కళ్లెదుటే ఉంటుంది గానీ ఎవరికీ గుర్తుకు రాదు. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు హెపటైటిస్ బి మొదటి డోసు వేయాలి. తల్లి నుంచి పుట్టుకలోనే ఈ వైరస్ సోకిన పసిపిల్లల్లో నూటికి తొంభై మంది వరకు దీర్ఘకాల రోగులుగా మారతారు, పెద్దయ్యాక కాలేయం చెడిపోయే ముప్పు వారి వెంటే ఉంటుంది. కాన్పులు రాత్రి, పగలు, దీపావళి, ఆదివారం చూసుకుని జరగవు. శనివారం రాత్రి పుట్టిన బిడ్డకు సోమవారం ఉదయం టీకాల నర్సు వచ్చాక చూద్దామని అంటే ఆ 24 గంటలు దాటిపోయినట్టే. కాబట్టి కాన్పులు జరిగే ప్రతి చోటా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఈ ఒక్క టీకా రాత్రింబవళ్లు అందుబాటులో ఉండాలి. దీనికి కొత్త కేంద్రం అక్కరలేదు, కాన్పు గదికి దగ్గరలో ఒక ఫ్రిజ్, దాని తాళం రాత్రి డ్యూటీ నర్సు దగ్గర ఉంటే చాలు. తాళం ఇంటికి తీసుకుపోయే పెద్ద నర్సులను నా చదువు రోజుల్లో చూశాను కనుక ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఇక కుక్కకాటు. రేబిస్ లక్షణాలు మొదలైన తరువాత దాదాపుగా ఎవరూ బతకరు, సకాలంలో టీకా పూర్తిగా వేయించుకుంటే దాదాపుగా ఎవరికీ ఆ జబ్బు రాదు. ఇంత తేడా చూపే టీకా వైద్యంలో అరుదు. అందుకే క్యాజువాల్టీ ఉన్న ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఈ మందు రాత్రి కూడా ఉండాలి. చర్మం చిట్లి రక్తం వచ్చిన గాటైతే టీకాతో పాటు గాయం చుట్టూ వెంటనే రక్షణ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ మందు కూడా ఎక్కించాలి. దగ్గరి చిన్న కేంద్రాల్లో అది తరచుగా ఉండదు కాబట్టి, పిక్క మీద లోతుగా కరిస్తే పెద్దాసుపత్రికి వెళ్లడమే సరైన పని. ఆ పిల్లవాడి తండ్రి ఆటో ఎక్కి మంచి పని చేశారు.

ఒక సంగతి గమనించండి. రాత్రి పూట తప్పనిసరి అయ్యేది మొదటి డోసు మాత్రమే. చర్మంలోకి వేసే పద్ధతిలో ఆ తరువాతవి 3, 7, 28వ రోజుల్లో వస్తాయి, వాటిని దగ్గరి కేంద్రంలో పగటి పూట తీరిగ్గా వేయించుకోవచ్చు. కాబట్టి నగరం నిండా రాత్రి కేంద్రాలు తెరవనవసరం లేదు. గాజువాక, భీమిలి, పెందుర్తి వైపుల నుంచి అరగంటలో చేరగల చోట ఒక్కొక్కటి ఉంటే సరిపోతుంది. జబ్బు బయటపడడానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది కదా, రాత్రికి ఆగి ఉదయం వెళితే ఏమవుతుందని కొందరు అడుగుతారు. శరీరంలో ఏమవుతుందన్న దానికంటే ఇంట్లో ఏమవుతుందన్నదే నాకు భయం. కరిచిన రాత్రి ఇల్లంతా హడలిపోయి ఉంటుంది, తండ్రి అప్పు చేసైనా ఆటో ఎక్కుతాడు. ఉదయానికి గాయం ఎండుతుంది, డ్యూటీ గుర్తుకు వస్తుంది, ఎవరో ఒకరు ఆకుపసరు వేసే మనిషి పేరు చెబుతారు. మధ్యాహ్నానికి కుక్క బాగానే ఉందని కబురు వస్తుంది. మూడో రోజుకు అందరూ మరిచిపోతారు. తలుపు తెరిచి ఉండవలసింది ఆ హడలు ఉన్న గంటలోనే.

ఆటో వచ్చేలోగా చేయవలసింది ఒకటుంది. ధారగా పారే నీటి కింద, సబ్బుతో, పదిహేను నిమిషాలు గడియారం చూసుకుంటూ గాయాన్ని కడగండి. కారం, సున్నం, పసుపు పెట్టవద్దు. గుడ్డతో గట్టిగా కట్టవద్దు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తారన్న భయంతో ఇప్పటికీ కొందరు పిల్లవాణ్ని దాచిపెడుతున్నారు. ఆ పాత మందును మన దేశంలో ఇరవై ఏళ్ల క్రితమే ఆపేశారు. ఇప్పుడు వేసేది చేతికి, చీమ కుట్టినంత.

జవాబు 5: అచ్యుతాపురం లైన్ సూపర్‌వైజర్

మగవారు, డాక్టర్లు మాట్లాడారు. తల్లుల వైపు నుంచి నాలుగు మాటలు.

అర్ధరాత్రి కేంద్రం తెరిచినా దానికి వెళ్లే తల్లి ఉండదు. మా లైనులో పనిచేసే అమ్మాయిల్లో చాలామంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి కంపెనీ బస్సుల్లో వస్తారు. రాత్రి పదికి పిల్లను ఎత్తుకుని సిటీ బస్సు కోసం నిలబడమంటే ఇంట్లో అత్తగారు ఒప్పుకోరు, ఒప్పుకున్నా ఆ పిల్ల మనసు ఒప్పుకోదు. పైగా పెంటావాలెంట్ వేసిన రాత్రి చాలామంది పిల్లలకు ఒళ్లు వెచ్చబడుతుంది, తొడ గట్టిపడుతుంది, చంక దిగరు. ఉదయం వేయిస్తే పగటి పూట కాస్త గడిచిపోతుంది. సాయంత్రం వేయిస్తే ఆ రాత్రి తల్లికి నిద్ర ఉండదు, మర్నాడు కుట్టు మిషను ముందు కునికిపాట్లు పడుతుంది. కునుకు తీసే చేతి కింద సూది ఉంటుందని మరవకండి.

మాకు కావలసినవి రాత్రి వేళలు కావు. నెలకు రెండు ఆదివారాలు ఉదయం, వారానికి ఒక రోజు సాయంత్రం అయిదున్నర నుంచి ఎనిమిది వరకు చాలు. గుంపుగా వస్తాము కాబట్టి ఏఎన్‌ఎం అమ్మ చెప్పిన సీసా వృథా కూడా ఉండదు. లేదంటే నెలకొకసారి టీకాల పెట్టెను మా గేటు దగ్గరికే తీసుకురండి. కోవిడ్ అప్పుడు కంపెనీల్లోనే శిబిరాలు పెట్టి వేశారు, వరసగా కూర్చోబెట్టి, అరగంట ఆపి, మళ్లీ లైనుకు పంపారు. పెద్దవాళ్ల కోసం చేయగలిగినది మా పిల్లల కోసం ఎందుకు చేయరో మాత్రం నాకు అర్థం కావడం లేదు.

జవాబు 6: విశ్రాంత ఏఎన్‌ఎం, మధురవాడ

సూపర్‌వైజర్ అమ్మాయి అన్న సాయంత్రం వేళ నాకు నచ్చింది. నాలుగు ఐస్‌ప్యాకులు సరిగ్గా కండిషన్ చేసి పెడితే, మాటిమాటికీ మూత తీయకుండా ఉంటే, చిన్న క్యారియర్ రోజంతా చల్లగానే ఉంటుంది. దానికి కొత్త యంత్రాలు అక్కరలేదు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చి కరెంటు పోయినప్పుడు మేము ఆ పెట్టెలనే నమ్ముకుని మందును కాపాడుకున్నాము. ఐస్‌ప్యాకుల కోసం చేపల రేవు దాకా పోయిన సంగతి ఇప్పుడు చెబితే నవ్వులాటగా ఉంటుంది.

డాక్టరు గారితో ఒక్క చోట విభేదిస్తాను. క్యాలెండరు టీకాకు కొన్ని రోజుల తేడా పరవాలేదన్నారు. వైద్యపరంగా నిజమే. కానీ ఆ మాట తల్లి చెవిన పడితే కొన్ని రోజులు కొన్ని నెలలవుతాయి. ఆ మాట మీలో మీరు అనుకోండి, ఓపీలో అనకండి.

ప్రశ్న అడిగినవారు: గాజువాక సి షిఫ్ట్

అందరికీ కృతజ్ఞతలు. మొన్న శనివారం ఉదయం బస్సు దిగి ఇంటికి వెళ్లి, పడుకోకుండా, పాపను తీసుకుని తొమ్మిదింటికే కేంద్రానికి వెళ్లాము. అదే ఉద్యోగిని ఉన్నారు. నన్ను గుర్తుపట్టి "వచ్చీసినావా బాబూ" అని నవ్వారు. తొడలకు సూదులు, నోట్లో చుక్కలు వేసి కార్డులో తేదీలు రాశారు. అరగంట బల్ల మీద కూర్చున్నాము. పాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది, ఆమె పక్కనే నేను కూడా. మా ఆవిడ లేపితే లేచాను.

రాత్రంతా తెరిచి ఉండే కేంద్రం కావాలన్న నా కోరికను చాలావరకు వెనక్కి తీసుకుంటున్నాను. సీసాల లెక్క నాకు తెలియదు. అయితే పూర్తిగా తీసుకోవడం లేదు. కుక్కకాటు విషయంలో డాక్టరు గారన్న అరగంట దూరం మా గాజువాకకు వర్తించలేదు. ఆ రాత్రి ఎన్‌ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లోనే ఆటో ఇరుక్కుపోయింది. ఈ వైపున ఒక్క చోటైనా రాత్రి మొదటి డోసు వేసే ఏర్పాటు ఉండాలని మా కాలనీ సంఘం తరఫున నగరపాలక సంస్థ జీవీఎంసీకి అర్జీ రాస్తున్నాము. దానిలో సాయంత్రం వేళల సంగతి, గేటు దగ్గరి శిబిరం సంగతి కూడా చేర్చాము. మెడికల్ షాపు వారు అనుమతిస్తే సూది వేసే చేయి లేదన్న వారి మాటను అలాగే రాస్తాను.

ఏఎన్‌ఎం అమ్మగారికి చివరిగా ఒక సందేహం. కార్డు ప్రకారం తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాక వేయించాలి. నా షిఫ్ట్ పట్టిక వేసి చూస్తే ఆ వారం మళ్లీ నాకు సి షిఫ్టే పడుతోంది, దాని ముందు వారం బి షిఫ్ట్ కాబట్టి ఉదయాలు ఖాళీగా ఉంటాను. తొమ్మిది నెలలకు నాలుగు రోజులు తక్కువ ఉండగా తీసుకువెళితే వేస్తారా, లేక తరువాతి వారం నిద్ర మానుకుని రావలసిందేనా?

జవాబు 7: విశ్రాంత ఏఎన్‌ఎం, మధురవాడ

నిండాకే వేస్తారు బాబూ, ముందు వెయ్యరు. అయితే అది నాలుగు గంటల సీసా, కాబట్టి ఆ రోజు బస్సు దిగినవాడివి దిగినట్టే పాపను తీసుకుని వెళ్లు. వెళ్లే ముందు ఆశాకు ఫోను చేసి, ఆ పూట ఇంకెంతమంది తొమ్మిది నెలల పిల్లలు వస్తున్నారో అడుగు. ఎవరూ లేరని చెప్పినా వెళ్లు. సీసా తెరవమని నేను చెప్పానని చెప్పు.